వంటింటి చిమ్నీని మీరే శుభ్రం చేసుకోవడం ఎలా?

చిమ్నీ కడగడం పెద్ద పని అనిపించడానికి ముఖ్య కారణం, దాన్ని చాలా ఆలస్యంగా కడగడం. నిన్నామొన్న పట్టిన నూనె జిడ్డుకు వేడినీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతాయి. అదే జిడ్డు నెలల తరబడి స్టవ్ సెగకు కాగుతూ, గాలి తగులుతూ ఉంటే నూనె తన స్వభావమే మార్చుకుంటుంది. అందులోని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, చెక్కకు పూసిన వార్నిష్‌లా గట్టి పొరగా మారతాయి. అంతదాకా వచ్చాక మామూలు సబ్బుకు అది లొంగదు. ఘాటైన రసాయనాలు వాడాలి, గంటల కొద్దీ నానబెట్టాలి, గీకాలి. ఆ గీకుడుకు ఫిల్టర్ పాడవుతుంది.

కాబట్టి ఏ పౌడర్ మంచిదని వెతికే ముందు, ఎన్నాళ్ళకోసారి కడుగుతున్నామో చూసుకోవాలి. సమయానికి చేస్తే ఇది గంటలోపు పని. అందులోనూ సగం సేపు ఫిల్టర్లు నానుతుంటాయి, మీరు చేసేదేమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. చిమ్నీలో పేరుకున్న జిడ్డు మండే పదార్థం. దాని కిందే రోజూ మంట వెలుగుతుంది. చిమ్నీ శుభ్రం అనేది చూడటానికి బాగుండాలని చేసే పని మాత్రమే కాదు, అగ్నిప్రమాదం రాకుండా చూసుకునే పని కూడా.

మీ చిమ్నీ ఏ రకమో ముందు తెలుసుకోండి

పొయ్యి ఆర్పి, తల వంచి చిమ్నీ అడుగు భాగం చూడండి. పొడవాటి స్టీలు పట్టీలు వంపు తిరిగి ఎదురెదురుగా అమర్చినట్టు కనిపిస్తే అది బాఫిల్ ఫిల్టర్. పొగతో కూడిన గాలి ఆ వంపుల మధ్య మలుపులు తిరుగుతూ పైకి పోవాలి. గాలి తేలిక కాబట్టి మలుపు తిరిగిపోతుంది. నూనె తుంపరలు బరువు కాబట్టి తిరగలేక స్టీలుకు కొట్టుకుని, మెల్లగా జారి, కింద ఉన్న నూనె కప్పులోకి దిగుతాయి. అందుకే బాఫిల్ ఫిల్టర్ అంత త్వరగా మూసుకుపోదు.

సన్నటి జాలీ పొరలు పొరలుగా ఉంటే అది మెష్ ఫిల్టర్. ఇది ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. మెష్ నూనెను తనలోనే పట్టి ఉంచుకుంటుంది, కిందికి వదలదు. కాబట్టి త్వరగా నిండిపోతుంది, తరచుగా కడగాల్సి వస్తుంది.

పట్టీలు, జాలీ ఏవీ కనిపించకపోతే అది ఫిల్టర్‌లెస్ చిమ్నీ. ఇందులో గాలి నేరుగా బ్లోయర్‌లోకి, అంటే గాలిని లాగే ఫ్యాన్‌లోకి పోతుంది. ఫ్యాన్ తిరిగే వేగానికి నూనె తుంపరలు చుట్టూ ఉన్న గోడలకు కొట్టుకుని, కారి, కప్పులోకి చేరతాయి. ఫిల్టర్ లేదు కాబట్టి శుభ్రం చేసే పని లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో జిడ్డు కనపడని చోట పేరుకుంటుంది.

చివరిగా, మీ చిమ్నీ నుంచి బయటికి పైపు వెళ్తోందా, లేదా చూడండి. పైపు లేనిదైతే అది గాలిని వడగట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. దానిలో నల్లటి కార్బన్ ఫిల్టర్ కూడా ఉంటుంది.

ఫిల్టర్ ఏ లోహంతో చేసిందో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఫ్రిజ్ మీద పెట్టుకునే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే స్టీలే. అంటుకోనంత మాత్రాన అల్యూమినియం అని తేల్చేయకండి, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, మెత్తగా వంగేలా ఉంటే అల్యూమినియం అయ్యే అవకాశం ఎక్కువ. మాన్యువల్‌లో కూడా రాసి ఉంటుంది. సందేహం తీరకపోతే అల్యూమినియం అనుకునే కడగండి, అప్పుడు ఏ ఫిల్టరూ పాడవదు.

ఎన్నాళ్ళకోసారి?

మెష్ ఫిల్టర్ అయితే రెండు వారాలకోసారి, బాఫిల్ అయితే నెలకోసారి అన్నది మంచి మొదలు. ఫిల్టర్‌లెస్ చిమ్నీలో నూనె కప్పును వారానికోసారి చూడాలి, లోపలి భాగాలను కొన్ని నెలలకోసారి తుడవాలి. కానీ ఇవేవీ శాసనాలు కావు. రోజూ నూనెలో వేయించే ఇల్లు వేరు, ఎక్కువగా ఉడకబెట్టుకుని తినే ఇల్లు వేరు. క్యాలెండర్ కంటే మీ చిమ్నీనే అడగడం మేలు.

అడిగే పద్ధతి తేలిక. చిమ్నీ ఆన్ చేసి, స్పీడు తక్కువలో పెట్టి, ఒక టిష్యూ పేపర్‌ను ఫిల్టర్ దగ్గరగా పట్టుకోండి. పొయ్యి మాత్రం ఆర్పే ఉండాలి. పేపర్ టక్కున అతుక్కుని నిలబడితే పీల్చే శక్తి బాగానే ఉన్నట్టు. కాసేపు రెపరెపలాడి కిందికి జారిపోతే ఫిల్టర్ కడగాల్సిన సమయం దాటిపోయినట్టు. ఫిల్టర్ కడిగి ఆరబెట్టిన రోజున ఈ పరీక్ష ఒకసారి చేసి, పేపర్ ఎంత గట్టిగా పట్టుకుందో గుర్తుపెట్టుకోండి. ఇక ముందు ఎప్పుడు చూసినా దానితో పోల్చుకోవచ్చు. ఫిల్టర్‌లెస్ చిమ్నీలో పేపర్ నేరుగా లోపలికి పోయే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, గాలి పోయే సందుకు కాస్త దూరంలో ఉంచి, ఎటు వంగుతోందో చూస్తే చాలు.

చేతివేళ్ళు కూడా మంచి పరీక్షే. ఫిల్టర్ అడుగున వేలు పెట్టి రాస్తే తడిగా, పసుపుపచ్చగా జిడ్డు అంటితే ఇంకా సులభమైన దశలో ఉన్నారు. జిగురుగా సాగుతుంటే ఆలస్యమైంది. వేలికి ఏమీ అంటకుండా గోధుమరంగు పొర గట్టిగా తగులుతుంటే అది పైన చెప్పిన వార్నిష్ దశ.

కావలసినవి

పెద్ద ప్లాస్టిక్ టబ్ లేదా ఫిల్టర్ మునిగేంత బకెట్, గిన్నెలు తోమే లిక్విడ్, వంట సోడా, బాఫిల్ ఫిల్టర్ అయితే బట్టల సోడా, రబ్బరు గ్లౌజులు, మెత్తటి స్క్రబ్బర్, పాత టూత్ బ్రష్, రెండు మూడు పాత గుడ్డలు, పాత పేపర్లు, టార్చి లైటు. ఎత్తు అందకపోతే కదలని స్టూలు. జిడ్డు పట్టిన వంటగట్టు మీద ఎక్కి నిలబడకండి, అది అనుకున్నదానికంటే ఎక్కువ జారుతుంది.

ఖరీదైన స్ప్రేలు తప్పనిసరి కాదు. వాటిలో చాలావరకు చేసే పని, క్షారంతో కొవ్వును విడగొట్టడం. సోడా చేసేది కూడా అదే.

మొదట కరెంటు

స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. ప్లగ్ తీసేయండి. ప్లగ్ గోడ వెనకో, కప్‌బోర్డు లోపలో ఉండి అందకపోతే ఆ లైన్ ఎమ్‌సీబీ (కరెంటు బోర్డులో ఆ లైన్‌కు సరఫరా ఆపే స్విచ్) దింపండి. తర్వాత చిమ్నీ లైటు బటన్ నొక్కి, వెలగట్లేదని చూసుకోండి. వంట అయిన వెంటనే మొదలుపెట్టకండి. ఫిల్టర్, లైట్లు చల్లబడటానికి కనీసం అరగంట ఇవ్వండి. అలాగని మరుసటి రోజుదాకా వదలక్కర్లేదు, గోరువెచ్చగా ఉన్నప్పుడు జిడ్డు తేలిగ్గా వస్తుంది.

స్టవ్ ఆపి, రెగ్యులేటర్ కూడా కట్టేసి, స్టవ్ మీద పాత పేపర్లు పరవండి. ఫిల్టర్ తీసేటప్పుడు నూనె చుక్కలు పడటం ఖాయం.

ఫిల్టర్ కడగడం, అంచెలంచెలుగా

1. ముందు నూనె కప్పు తీయండి. ఫిల్టర్ ముందు తీస్తే చెయ్యి తగిలి కప్పు ఒలికే అవకాశం ఉంది. అందులోని నూనెను సింక్‌లో పోయకండి, పైపులో చల్లబడి గడ్డకట్టి డ్రైనేజీ మూసేస్తుంది. పాత పేపర్లలో పీల్పించి చెత్తలో వేయండి, లేదా మూత ఉన్న పాత సీసాలో పోసి పారేయండి.

2. ఫిల్టర్‌కు ఉన్న గొళ్ళెం లేదా హ్యాండిల్ పట్టుకుని, ఒక చేత్తో కింద ఆసరా ఇస్తూ మెల్లగా దించండి. రెండు మూడు ఫిల్టర్లు ఉంటే ఏది ఎటువైపు ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. బాఫిల్ ఫిల్టర్ల అంచులు ఒక్కోసారి పదునుగా ఉంటాయి, గ్లౌజులు తీయకండి.

3. పైపైన వేలాడుతున్న జిడ్డును పొడి పేపర్‌తో తుడిచేయండి. ఇది చాలామంది వదిలేసే అడుగు. తుడవకుండా నీళ్ళలో ముంచితే ఆ నూనె అంతా నీటి మీద తేలి, ఫిల్టర్ పైకి తీసేటప్పుడు మళ్ళీ దానికే అంటుకుంటుంది.

4. టబ్‌లో బాగా వేడిగా ఉన్న నీళ్ళు పోయండి. చేయి పెట్టలేనంత వేడి ఉండాలి, మరుగుతూ ఉండక్కర్లేదు. ముందు నీళ్ళు, తర్వాత లిక్విడ్, ఆ తర్వాత సోడా కొంచెం కొంచెంగా కలపండి. ఏ ఫిల్టర్‌కు ఏ సోడా, ఎంతసేపు అన్నది కింద ‘ఏ సోడా, దేనికి?’ దగ్గర చదివాకే కలపండి. సోడా ముందే గుమ్మరించి మరిగే నీళ్ళు పోస్తే ఒక్కసారిగా పొంగి మీద పడొచ్చు.

5. ఫిల్టర్ పూర్తిగా మునిగేలా పెట్టండి. టబ్ చిన్నదైతే పదిహేను నిమిషాల తర్వాత రెండో వైపు తిప్పండి.

6. నానాక టూత్ బ్రష్‌తో సందుల్లో, స్క్రబ్బర్‌తో పైభాగంలో రుద్దండి. మెష్ ఫిల్టర్‌ను గట్టిగా నొక్కితే జాలీ చిరుగుతుంది. దాన్ని రుద్దడం కంటే నీళ్ళలోనే ముంచి తీస్తూ కదపడం మంచిది. నీళ్ళు మురికైపోతే పారబోసి, కొత్త వేడినీళ్ళతో ఇంకోసారి నానబెట్టండి. ఒకే మురికి నీళ్ళలో గంటసేపు ఉంచడం కంటే రెండుసార్లు మార్చడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

7. ధారగా పడే నీళ్ళ కింద, మురికి పట్టిన వైపు కిందికి ఉండేలా పట్టుకుని కడగండి. అప్పుడు నీళ్ళు వెనక నుంచి వచ్చి జిడ్డును బయటికి తోస్తాయి.

8. నిలువుగా ఆనించి పూర్తిగా ఆరబెట్టండి. బాఫిల్ పట్టీల మడతల్లో, మెష్ పొరల మధ్య నీళ్ళు దాగి ఉంటాయి. ఒకసారి అటూ ఇటూ వంచి దులిపితే బయటపడతాయి. తడిగా ఉన్న ఫిల్టర్ బిగించి చిమ్నీ ఆన్ చేస్తే ఆ తడి నేరుగా బ్లోయర్ వైపు పోతుంది.

ఏ సోడా, దేనికి?

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎక్కువ ఫిల్టర్లు పాడయ్యేది ఈ ఒక్క విషయం దగ్గరే.

వంట సోడా, బట్టల సోడా రెండూ తెల్లటి పొడులే అయినా శక్తిలో చాలా తేడా. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్, మృదువైన క్షారం. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్, చాలా బలమైన క్షారం. బలమైన క్షారం కొవ్వుతో కలిసినప్పుడు కొవ్వులో కొంత భాగం సబ్బుగా మారుతుంది, అందుకే జిడ్డు విడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దీన్ని బాగా తట్టుకుంటుంది. కాబట్టి స్టీలు బాఫిల్ ఫిల్టర్‌కు ఒక బకెట్ వేడినీళ్ళలో నాలుగైదు చెంచాల బట్టల సోడా, కొంచెం లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టవచ్చు. గట్టిపడిన జిడ్డుకు నాకు తెలిసి ఇంట్లో దొరికేవాటిలో ఇంతకు మించినది లేదు.

అల్యూమినియం మెష్ విషయంలో మాత్రం ఇది పనికిరాదు. క్షారం అల్యూమినియంను తినేస్తుంది. ముందు బూడిదరంగులోకి, తర్వాత నల్లగా మారుతుంది. సన్నటి జాలీ తీగలు పలచబడి పెళుసుగా తయారవుతాయి. అల్యూమినియంకు వేడినీళ్ళు, గిన్నెల లిక్విడ్ మాత్రమే వాడండి. మరీ మొండి జిడ్డు ఉంటే కొంచెం వంట సోడా కలిపి పది నిమిషాల లోపే తీసి కడిగేయండి. డిష్‌వాషర్ పౌడర్లు కూడా క్షారాలే కాబట్టి అల్యూమినియం ఫిల్టర్ డిష్‌వాషర్‌లో పెడితే రంగు మారుతుంది. స్టీలు బాఫిల్‌ను మాన్యువల్ ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు.

కాస్టిక్ సోడా జోలికి అసలు పోకండి. అది అల్యూమినియంతో కలిస్తే వేడి పుట్టి, మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. చర్మాన్ని, కళ్ళను కాల్చేస్తుంది. ఒక ఫిల్టర్ కోసం తీసుకోవలసిన రిస్క్ కాదు.

వెనిగర్, సోడా కలిపితే బుసబుస పొంగుతుంది కాబట్టి బాగా పనిచేస్తుందన్న నమ్మకం చాలా ఎక్కువ. పొంగేది కార్బన్ డయాక్సైడ్. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటి ద్రవం. జిడ్డు మీద పనిచేయాల్సిన సోడా బలం అందులోనే ఖర్చయిపోతుంది. సోడా విడిగా వాడండి. వెనిగర్‌ను కావాలంటే కడిగాక మిగిలే తెల్లటి నీటి మరకలు తుడవడానికి స్టీలు మీద వాడండి.

బ్లీచింగ్ ద్రవం జిడ్డును తీయదు, పైగా అందులోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది. దాన్ని వెనిగర్ లాంటి ఆమ్లాలతో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్లతో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువులు వస్తాయి, అదీ మూసి ఉన్న వంటింట్లో.

ఇనుప పీచు వద్దు. అది స్టీలును గీరడమే కాకుండా సన్నటి ఇనుప రజను వదులుతుంది. కొన్నాళ్ళకు ఆ రజను తుప్పు పట్టి, స్టెయిన్‌లెస్ స్టీలుకే తుప్పు వచ్చినట్టు మరకలు కనిపిస్తాయి.

ఫిల్టర్ నానుతుండగా బయటి, లోపలి భాగాలు

వేడినీళ్ళలో లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి, నీళ్ళు కారకుండా బాగా పిండి, చిమ్నీ లోపల చెయ్యి అందినంత మేర తుడవండి. స్ప్రేను నేరుగా చిమ్నీ మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టుకుని తుడవండి. మోటార్, స్విచ్ ప్యానెల్, లైటు హోల్డర్ల దగ్గరకు తడి పోకూడదు. ఆ తర్వాత మంచినీళ్ళ గుడ్డతో, చివర పొడి గుడ్డతో తుడవండి. సబ్బు పొర మిగిలిపోతే కొత్త జిడ్డు దానికి ఇంకా త్వరగా అంటుకుంటుంది.

బయటి స్టీలు మీద సన్నటి గీతల అల్లిక కనిపిస్తుంది. ఆ గీతలు ఏ దిశలో ఉంటే ఆ దిశలోనే తుడవాలి. అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. టచ్ ప్యానెల్, చెయ్యి ఊపితే ఆన్ అయ్యే సెన్సర్ ఉన్న చిమ్నీల్లో ఆ గాజు మీద జిడ్డు పొర ఉంటే ఒకటి నొక్కితే ఇంకొకటి పనిచేస్తుంది, లేదా అసలు పలకదు. రిపేరుకు పిలిచేముందు ఆ కాస్త చోటు శుభ్రంగా తుడిచి చూడండి. లైట్ల మీద గాజు కూడా తుడిస్తే పొయ్యి మీద వెలుతురు పెరుగుతుంది.

ఆటో క్లీన్ ఉంటే కడగక్కర్లేదా?

కడగాలి. ఆటో క్లీన్ బటన్ నొక్కితే లోపల ఉన్న హీటర్ వేడెక్కి, బ్లోయర్ భాగంలో పట్టిన జిడ్డును కరిగించి కప్పులోకి దింపుతుంది. అది అందుకునేది బ్లోయర్ చుట్టూ ఉన్న భాగాన్నే. బాఫిల్ ఫిల్టర్‌ను, పైపును, బయటి ఒంటిని అది ముట్టుకోదు. నూనె కప్పును కూడా మీరే ఖాళీ చేయాలి.

ఇది పనిచేసే సూత్రం వేడి కాబట్టి, జిడ్డు మెత్తగా ఉన్నప్పుడే ఫలితం. గట్టిపడిన పొర కరగదు. అందుకే నెలలు ఆగి ఒకసారి నొక్కడం కంటే రెండు మూడు వారాలకోసారి నొక్కడం మంచిది. నొక్కేటప్పుడు స్టవ్ ఆర్పి ఉండాలి, కప్పు తన చోట ఉండాలి. నీళ్ళు పోసే అర ఉన్న మోడల్ అయితే అందులో మంచినీళ్ళే పోయాలి, సబ్బు నీళ్ళు కాదు. మధ్యలో ఆపకండి.

బ్లోయర్ దాకా వెళ్ళాలా?

ఫిల్టర్‌లెస్ చిమ్నీ అయితే వెళ్ళక తప్పదు. కొన్ని మోడళ్ళలో ముందు గాజు తెరిచి, మూత తీస్తే గుండ్రటి ఫ్యాన్ కనిపిస్తుంది, దాన్ని బయటికి తీసేలా చేసి ఉంటారు. మాన్యువల్‌లో తీయవచ్చని చెప్పి ఉంటేనే తీయండి. ఆ ఫ్యాన్ మధ్యలో ఉండే నట్టు చాలా మోడళ్ళలో మామూలుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు ఊడిపోకుండా అలా చేస్తారు. ఊడట్లేదని బలం ఉపయోగించే ముందు రెండో వైపు తిప్పి చూడండి.

తీసిన ఫ్యాన్‌ను లిక్విడ్ కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, రెక్కల మధ్య బ్రష్‌తో శుభ్రం చేయండి. రెక్కలు వంగకూడదు. వాటిలో ఒకదానికి చిన్న క్లిప్పు తగిలించి ఉంటే దాన్ని చెత్త అనుకుని పీకేయకండి. ఫ్యాన్ బరువు సమంగా ఉండటానికి పెట్టినది అది. తీసేస్తే చిమ్నీ వణుకుతుంది, బేరింగ్ త్వరగా పోతుంది.

మోటార్‌ను మాత్రం విప్పకండి. దానికి జోడించి ఉన్న కెపాసిటర్‌లో (కరెంటును కాసేపు దాచి ఉంచే చిన్న భాగం) ప్లగ్ తీసిన తర్వాత కూడా కాసేపు కరెంటు నిలిచి ఉండొచ్చు. ఆ పని టెక్నీషియన్‌దే.

కార్బన్ ఫిల్టర్

పైపు లేని చిమ్నీలో ఉండే కార్బన్ ఫిల్టర్ వాసనను పట్టుకుంటుంది, నూనెను కాదు. దానిలోని సన్నటి రంధ్రాలు నిండిపోయాక కడిగినా తిరిగి రాదు. సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి మార్చాలి. కడిగి వాడుకునే ప్రత్యేక రకాలు ఉన్నాయి గానీ, మాన్యువల్‌లో అలా రాసి ఉంటేనే కడగండి.

అందరూ మరచిపోయే పైపు

ఫిల్టర్ తళతళలాడుతున్నా పొగ పోవడం లేదంటే పైపు వైపు చూడాలి. ఏడాదికి ఒకసారైనా చూడటం మంచిది.

మొదట బయటి కొస. బాల్కనీలోంచో నేల మీద నిలబడో అందేలా ఉంటేనే మీరు చూడండి, ఎత్తులో నిచ్చెన వేసుకుని కాదు. చిమ్నీ ఎక్కువ స్పీడులో పెట్టి, బయట గాలి ఎంత జోరుగా వస్తోందో చేయి పెట్టి చూడండి. బయటి మూతకు ఉన్న రెక్కలు పూర్తిగా తెరుచుకోవాలి. జిడ్డుతో అతుక్కుపోయి సగమే తెరుచుకుంటే లోపల ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం లేదు. పక్షులు గూడు కట్టకుండా మరీ సన్నటి జాలీ బిగించి ఉంటే దానికి జిడ్డు, దుమ్ము పట్టి పూర్తిగా మూసుకుపోతుంది. కాస్త పెద్ద కన్నులున్న జాలీ పెట్టించండి. గూడు ఉన్నట్టు తెలిస్తే చిమ్నీ ఆన్ చేయడం ఆపేయండి, ఎండు పుల్లలు, నూనె కలిసి ఉన్నచోట నిప్పురవ్వ చేరితే ప్రమాదం.

తర్వాత లోపలి కొస. చిమ్నీ పైన పైపు బిగించే చోట, చాలా మోడళ్ళలో అర్ధచంద్రాకారంలో రెండు ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. చిమ్నీ ఆన్ అయితే తెరుచుకుని, ఆపితే మూసుకుని బయటి గాలిని, పురుగులను ఆపుతాయి. అవి వేలితో తోస్తే తేలిగ్గా కదలాలి. ఆ దగ్గర టార్చి వేసి పైపు లోపల చూడండి. చెయ్యి అందినంత వరకు లిక్విడ్‌లో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ముడతలు ముడతలుగా ఉండే పలచటి అల్యూమినియం పైపును బ్రష్‌తో తోమితే చిరిగిపోతుంది. దానిలో జిడ్డు చారలు కట్టి ఉంటే కడిగే కష్టం కంటే మార్చేయడమే నయం.

మారుస్తున్నప్పుడు కొన్ని విషయాలు పట్టుబట్టి చేయించండి. చిమ్నీ నోరు ఎంత వ్యాసం ఉంటే పైపూ అంతే ఉండాలి. చాలా ఇళ్ళలో అది 150 మిల్లీమీటర్లు, అంటే 6 అంగుళాలు. గోడలో కన్నం చిన్నదిగా ఉందని పైపును సన్నం చేస్తే చప్పుడు పెరుగుతుంది, పీల్చే శక్తి తగ్గుతుంది. వీలైనంత పొట్టిగా, మలుపులు తక్కువగా ఉండాలి. ముడతల పైపైతే పూర్తిగా లాగి బిగించాలి, ఎందుకంటే మిగిలిన ముడతల్లోనే నూనె దాక్కుంటుంది. బయటి వైపు కొంచెం వాలు ఉంటే తేమ, నూనె వెనక్కి చిమ్నీలోకి కారవు. కొనను ఫాల్స్ సీలింగ్‌లో వదిలేయడం, గ్యాస్ గీజర్ పొగ పోయే గొట్టంతో కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

గ్యాస్ గీజర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా. చిమ్నీ ఇంట్లోంచి ఎంత గాలి బయటికి తోస్తుందో అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి శక్తిమంతమైన చిమ్నీ వేస్తే, అది గీజర్ గొట్టంలోంచి కూడా గాలిని వెనక్కి లాగవచ్చు. దానితో పాటు వాసన లేని, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. చిమ్నీ నడుస్తున్నంతసేపు ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. అది స్టవ్‌కు మరీ పక్కనే కాకుండా కాస్త దూరంగా ఉన్నదైతే మంచిది, లేకపోతే ఆ గాలి పొగను చిమ్నీ కిందనుంచి పక్కకు నెట్టేస్తుంది.

జిడ్డు తక్కువ పట్టేలా వాడటం

పొయ్యి వెలిగించడానికి రెండు మూడు నిమిషాల ముందే చిమ్నీ ఆన్ చేయండి. గాలి ఒక దారిలో పడ్డాక పొగ దాని వెంట తేలిగ్గా వెళ్తుంది. వంట అయ్యాక ఐదు నుంచి పది నిమిషాలు నడవనివ్వండి. లోపల మిగిలిన ఆవిరి బయటికి పోతుంది, అక్కడే చల్లబడి జిడ్డుగా మారదు. ఎక్కువ పొగ వచ్చేది వెనక బర్నర్ మీద చేసుకోండి. గిన్నె అంచు దాటి మంట పైకి రానివ్వకండి. గిన్నె లేని బర్నర్‌ను పెద్ద మంట మీద వదిలేస్తే ఆ సెగ నేరుగా ఫిల్టర్‌ను కాలుస్తుంది. స్టవ్‌కు, చిమ్నీకి మధ్య ఎంత ఎత్తు ఉండాలో మాన్యువల్‌లో చూడండి. గ్యాస్ స్టవ్‌లకు తయారీదారులు సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్లు చెబుతారు.

ఎప్పుడు మనిషిని పిలవాలి?

ఆన్ చేస్తే గుయ్యిమని శబ్దం వచ్చి ఫ్యాన్ తిరగకపోతే కెపాసిటర్ లేదా బేరింగ్ సమస్య కావచ్చు, వెంటనే ఆపేయండి. కాలిన వాసన, ముట్టుకుంటే షాక్, మాటిమాటికీ ఎమ్‌సీబీ పడిపోవడం, ఇవి కూడా మీ చేతిలోవి కావు. అదే టకటకమనే చప్పుడైతే ముందు ఫిల్టర్ సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో చూడండి, చాలాసార్లు అంతే ఉంటుంది. కడిగిన మరునాడే నూనె చుక్కలు కారుతుంటే కప్పు తప్పుగా బిగించి ఉండొచ్చు. ఫిల్టర్ శుభ్రంగా ఉండి, పైపు తెరిచి ఉండి, అయినా టిష్యూ పేపర్ నిలవడం లేదంటే బ్లోయర్ లోపల జిడ్డు గట్టిపడి ఉంటుంది. అప్పుడు సర్వీసు చేయించండి, ఆ రోజు మీరు పక్కనే నిలబడి ఏం తీస్తున్నారో, ఎలా బిగిస్తున్నారో చూడండి.

మంట అంటుకుంటే

బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. స్టవ్ ఆపి, మూత పెట్టేయండి, చల్లబడేదాకా తీయకండి. చిమ్నీని కూడా ఆపండి, ఎందుకంటే అది మంటను పైకి లాగి ఫిల్టర్‌కు, పైపుకు అంటిస్తుంది. చిమ్నీ స్విచ్ మంటకు దగ్గరగా ఉంటే చెయ్యి పెట్టకుండా ఎమ్‌సీబీ దింపండి. మంట చిమ్నీ లోపలికో పైపులోకో వెళ్ళిందంటే ఆర్పే ప్రయత్నం మానేసి, ఇంట్లో ఉన్న అందరినీ బయటికి పంపి, వంటింటి తలుపు మూసి, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి. అలాంటి చిమ్నీని, పైపును మనిషి వచ్చి పూర్తిగా పరీక్షించే వరకు మళ్ళీ ఆన్ చేయకండి.